చెరువు చోటున వెలసిన పేట

ఉండదగిన ఊరేది, ఉండదగని ఊరేది అను ప్రశ్నకు సుమతీ శతకకారుడు ఒక్క పద్యములో సమాధానము చెప్పినాడు. పలక పట్టిన పిల్లవాడు మొదలుగా మన ఇండ్లలో అందరును ఎరిగిన పద్యమే అది. అవసరమునకు ధనము సర్దుబాటు చేయువాడు, రోగము కుదుర్చువాడు, ఏడాది పొడవునను ఎండని వాగు, శుభాశుభములు జరిపించు బ్రాహ్మణుడు, ఈ నాలుగును ఉన్నచోట కాపురముండవలెననియు, లేనిచోట అడుగే పెట్టరాదనియు దాని తాత్పర్యము. ఆ నాలుగింటిలో ఏ ఒక్కటియు ఇంటి గోడలకు సంబంధించినది కాకపోవుట గమనింపదగినది. గదులెన్ని, కప్పు పెంకుదా మిద్దెదా అని శతకకారుడు అడుగలేదు. గడప దాటి నడచిపోగల మేరలో ఏమేమి ఉన్నవని మాత్రమే అడిగినాడు.

నేడు పట్టణములలో ఇల్లు వెదకువారి ప్రశ్నలును ఇంచుమించుగా ఇవియే. బ్యాంకు ఎంత దూరము, ఆసుపత్రి ఎంత దూరము, బడి, గుడి, కూరగాయల అంగడి, రైలు స్టేషను ఎంత దూరము అని అడుగుదురు. నీటిని గూర్చి అడుగువారును కలరు. కాని వారు అడుగునది కుళాయి నీటిని గూర్చి. నేలమీద పారు నీటిని గూర్చి అడుగువారు అరుదు. ఈ మరపు ఎట్టి ఫలమునిచ్చునో తెలిసికొనుటకు ఒక పేట చరిత్రను ఇచ్చట చెప్పదలచితిమి. అది చెన్నపట్టణములోని త్యాగరాయనగరము, వాడుకలో టి. నగర్. దాని పేరులోను, పుట్టుకలోను, పెంపులోను తెలుగువారికి పాలు కలదు. కావున ఆ కథ మనకు పరాయిది కాదు.

పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున చెన్నపట్టణములో ఇల్లు ఎన్నుకొనుట యనగా ఇరుకునకో, దూరమునకో ఒడబడుటయే. కోటకు ఉత్తరమున వర్తకులపేట ఉండెను. రేవు, కోర్టులు, కొట్లు అన్నియు దానికి చేరువలోనే. కాని ఇండ్లు గోడకు గోడ తగిలి, గాలి వెలుతురులకు కరవుగా ఉండెడివి. నుంగంబాకము, ఎగుమూరు, అడయారు వైపున దొరల తోటయిండ్లు ఉండెను. ఒక్కొక్క ఇంటి చుట్టును విశాలమగు ఆవరణము. బండియు గుఱ్ఱమును లేనివానికి అచ్చట కాపురము సాగదు. మైలాపూరు, తిరువళ్ళిక్కేణి గుడి చుట్టును వెలసిన పాతయూళ్ళు. మాడవీధులు, కోనేరు, అంగడి అన్నియు కాలినడకలో ఉండెను గాని, కొత్తగా వచ్చువారికి చోటు చాలదయ్యెను. 1895లోనే చెన్నపట్టణమున ఎలక్ట్రిక్ ట్రాములు నడవసాగెను. ట్రాము దొరకినను, కచేరీ గుమాస్తాకును, బడిపంతులుకును, అప్పుడే పట్టా పుచ్చుకొన్న వకీలుకును తగిన ఇల్లు దొరకుట దుర్లభముగా ఉండెను.

ఇట్టి కష్టమే ఆ కాలమున ఇంగ్లండు దేశమందును ఉండెను. 1898లో ఎబెనీజరు హోవర్డు అను నాతడు ఒక గ్రంథము ప్రకటించి, తోటనగరము అను ఒక క్రొత్త ఆలోచనను లోకమునకు చెప్పెను. ఆతడు ఇంజనీరు కాడు, జమీందారు కాడు. సభలలోని ఉపన్యాసములను సంక్షిప్తలిపిలో వ్రాసికొని జీవించిన సామాన్యుడు. ఆరువేల ఎకరముల భూమి తీసికొని, అందు వేయి ఎకరములలో ఊరు కట్టి, మిగిలిన అయిదువేల ఎకరములను పొలములుగనే విడువవలెననియు, ఊరిలో ముప్పది రెండువేల జనమునకు మించరాదనియు ఆతని లెక్క. నడుమ ఉద్యానవనము, దానినుండి బయలుదేరు వెడల్పాటి బాటలు, ఇంటికి పనికి నడుమ కాలినడక దూరము, ఇవి ఆతని ఆలోచనలోని ముఖ్యాంశములు. 1903లో లెచ్‌వర్తు అనుచోట ఆ పద్ధతిని అనుసరించి ఒక ఊరు కట్టుటకు ఆరంభించిరి.

ఈ ఆలోచన చెన్నపట్టణము చేరిన విధము చిత్రమైనది. స్కాట్లండు దేశీయుడగు పాట్రిక్ గెడ్డీసు పట్టణ నిర్మాణమును గూర్చిన పటములను, చిత్రములను ఒక ప్రదర్శనముగా కూర్చి 1914లో మన దేశమునకు బయలుదేరెను. ఆ సామగ్రి వేరొక ఓడలో వచ్చుచుండెను. అప్పుడే మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. సెప్టెంబరు 22వ తేదీ రాత్రి చెన్నపట్టణముపై గుండ్లు కురిపించిన జర్మను యుద్ధనౌక ఎండెను మన పెద్దలు మరువని పేరు. ఆ ఎండెనే అక్టోబరు నెలలో గెడ్డీసు సామగ్రి ఉన్న ఓడను సముద్రమున ముంచివేసెను. ఏండ్ల తరబడి కూర్చినదంతయు మునిగిపోయినను ఆతడు వెనుదీయలేదు. మిత్రులు ఇంగ్లండునుండి మరల పటములు కూర్చి పంపగా, 1915 జనవరిలో చెన్నపట్టణమునందే ఆ ప్రదర్శనము జరిగెను. ఆతనికి తోడుపడిన లాంచెస్టరు అను వాస్తుశిల్పి తరువాత మదరాసు ప్రభుత్వమునకు పట్టణ నిర్మాణ సలహాదారుగా ఉండి, 1918లో చెన్నపట్టణమును గూర్చి ఒక గ్రంథము వెలువరించెను. 1920లో మదరాసు పట్టణ ప్రణాళికా చట్టము వచ్చెను. క్రొత్తపేటలను పద్ధతి ప్రకారము నిర్మించు అధికారము ఆ చట్టమువలన సమకూరెను.

ఇక కావలసినది భూమి. పట్టణమునకు పడమటగా నుంగంబాకము మొదలు సైదాపేట వైపు వరకును పొడవైన చెరువు ఒకటి ఉండెను. పాత పటములలో దాని పేరే పొడవు చెరువు. దాని పడమటి ఒడ్డున మాంబళము అను పల్లె, వరిపొలములు, తాటితోపులు ఉండెను. చెరువు కింది సేద్యము తగ్గుచుండెను, దోమలు పెరుగుచుండెను, పట్టణములో ఇండ్లకు చోటు చాలకుండెను. చెరువు నీటిని అడయారునదికి మరల్చి, ఆ నేలను ఇండ్ల స్థలములుగా చేయవలెనని నిర్ణయించిరి. 1923వ సంవత్సరమున పని ప్రారంభమయ్యెను. 1925 నాటికి క్రొత్తపేట రూపు తేలెను.

ఆ పేటకు పెట్టిన పేరు సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారిది. త్యాగరాయ అనగానే మనలో పలువురకు తిరువయ్యారు స్ఫురించును. కాని వీరు వేరు. 1852లో తెలుగు దేవాంగ కుటుంబమున జన్మించి, నేత వ్యాపారమున పేరు గడించి, 1916లో జస్టిసు పార్టీని స్థాపించిన వారిలో ఒకరైరి. చెన్నపట్టణ కార్పొరేషనుకు అధ్యక్షులైరి. 1920 ఎన్నికలలో తమ పక్షము గెలిచినప్పుడు ముఖ్యమంత్రి పదవి తమ ఎదుటికి వచ్చినను వలదనిరి. 1925 ఏప్రిలు 28వ తేదీన వారు కాలధర్మము నొందిరి. అప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్నవారు కాళహస్తిలో జన్మించిన మరియొక తెలుగువారు, పానగల్లు రాజాగా ప్రసిద్ధులగు పానగంటి రామారాయణింగారు. పేట నడుమ నిర్మించిన ఉద్యానవనమునకు వారి పేరే నిలిచినది. వారి విగ్రహమును ఆ తోటలో నేటికిని చూడవచ్చును.

పానగల్లు పార్కు త్యాగరాయనగరమునకు బొడ్డు వంటిది. ప్రధానమగు బాటలన్నియు అచ్చట కలియును. ఉత్తర దక్షిణములుగా ఉస్మాను రోడ్డు. తూర్పుగా త్యాగరాయ రోడ్డు. ఈశాన్యముగా గోపతి నారాయణస్వామి శెట్టిగారి పేర జి. ఎన్. శెట్టి రోడ్డు, ఆగ్నేయముగా వెంకటనారాయణ రోడ్డు. సమీపముననే డాక్టరు నాయరు రోడ్డు, హబీబుల్లా రోడ్డు, బజుల్లా రోడ్డు, బోగు రోడ్డు. ఈ పేర్లను వరుసగా చదివినచో ఆనాటి కార్పొరేషను సభాభవనమున కూర్చున్నట్లు ఉండును. హిందువులు, ముసల్మానులు, ఆంగ్లేయులు అందరును ఆ బాటలలో పక్కపక్కనే ఉన్నారు. పెద్దబాటల వెంట విశాలమగు స్థలములును, వానినుండి చీలిన సందులలో చిన్న స్థలములును ఏర్పడినవి. అందువలన ఒకే పేటలో జడ్జీగారును, గుమాస్తాగారును కాపురముండుటకు వీలయ్యెను. ఇద్దరి పిల్లలును సాయంకాలము ఒకే పార్కుకు పోవలసినదే.

పేటకు పడమట రైలుమార్గము, దానిపై మాంబళము స్టేషను. 1931లో చెన్నపట్టణ సముద్రతీరము నుండి తాంబరము వరకు ఎలక్ట్రిక్ రైళ్ళు నడవసాగెను. త్యాగరాయనగరము నిజముగా నిండినది అటుపిమ్మటనే యని చెప్పవచ్చును. ఉదయము భోజనము చేసి, ఇంటినుండి నడచి స్టేషను చేరి, రైలెక్కి కోటలోని కచేరీకో, హైకోర్టుకో పోయి, చీకటి పడకముందే తిరిగివచ్చుటకు వీలు కలిగెను. బండి లేనివాడు ఊరి బయట బ్రతుకలేడను పాతమాట అప్పటికి చెల్లిపోయినది.

తక్కినవన్నియు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. త్యాగరాయ రోడ్డుపై అంగళ్ళు వెలసినవి. సౌందరపాండ్య నాడారుగారి పేర ఆ బజారు పాండీబజారు అయినది. దక్షిణ భారత హిందీ ప్రచార సభ 1936లో ఈ పేటకు తరలివచ్చినది. 1946 జనవరిలో మహాత్మాగాంధి ఆ సభ రజతోత్సవమునకు విచ్చేసి ఆ ఆవరణముననే బస చేసిరి. చిత్తూరు నాగయ్యగారు పూనుకొని త్యాగబ్రహ్మ గానసభను స్థాపించిరి. దాని వాణీమహలు జి. ఎన్. శెట్టి రోడ్డుపై ఉన్నది. 1946లో త్యాగయ్య చిత్రమున వాగ్గేయకారుని పాత్ర ధరించినవారు వారే. ఆ విధముగా తిరువయ్యారు త్యాగయ్యగారికిని ఈ పేటలో చోటు దొరకినది.

కోడంబాకము, వడపళని ప్రాంతములలో చలనచిత్ర నిర్మాణశాలలు వెలసిన పిదప తెలుగువారి కాపురములు మరింత పెరిగినవి. ఘంటసాలగారు ఉస్మాను రోడ్డున, రామారావుగారు బజుల్లా రోడ్డున, సావిత్రిగారు హబీబుల్లా రోడ్డున నివసించిరి. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడి, చెన్నపట్టణము మనకు దక్కకపోయినను, ఇల్లు కుదిరినవారు వెంటనే కదలలేదు. బడి, పాట, పచారీకొట్టు, పలుకరించు పొరుగువారు, ఇన్ని నడకదూరములో అమరిన చోటిని విడుచుట రాష్ట్రము మారినంత సులభము కాదు. హైదరాబాదుకు చిత్రపరిశ్రమ తరలినది తరువాతి దశాబ్దములలో, అదియు మెల్లమెల్లగా.

మా చిన్నతనమున పెత్తండ్రిగారు ఈ ప్రాంతమున అద్దెయిల్లు వెదకిన సంగతి మాకు జ్ఞాపకమున్నది. సాయంకాలము కుటుంబమంతయు బయలుదేరి, టు లెట్ బల్ల కట్టిన ప్రతి ఇంటిముందు ఆగుచు పోవుట. పెద్దమ్మగారు వంటయింటిని, పెత్తండ్రిగారు స్టేషనుకు పట్టు నిమిషములను, మేము పార్కుకు దారిని చూచుకొంటిమి. చివరకు కుదిరిన ఇంటి పెరటిలో ఒక బావి ఉండెను. కార్తీకమాసపు వానలలో ఆ బావినీరు చేతికందునంత పైకి వచ్చెను. చేద అక్కరలేకుండ చెంబుతో ముంచుకొనవచ్చునని పెద్దమ్మగారు మురిసిపోయిరి. బావి మంచిదనుకొంటిమి. పూర్వము అది చెరువు గర్భమని మాలో ఎవరికిని తోచలేదు, చెప్పినవారును లేరు.

పేట బాగుండుటయే దానికి కష్టము తెచ్చినది. నడచి రాగలిగిన చోటికి ఊరంతయు నడచి వచ్చినది. చీరలకు, నగలకు, పాత్రలకు త్యాగరాయనగరము దక్షిణదేశమునకే పెద్ద అంగడి అయినది. మాంబళము స్టేషను నుండి ఉస్మాను రోడ్డుకు పోవు రంగనాథను వీధి ఒకప్పుడు ఇండ్ల వీధి. నేడు పండుగ దినములలో అచ్చట అడుగు తీసి అడుగు వేయుట కష్టము. ముందు అరుగు అంగడియైనది, పిదప ఇల్లే అంగడియైనది. తోటలున్న ఇండ్లు పడగొట్టబడి, వాని స్థానమున అంతస్తుల భవనములు లేచినవి. కాలినడక కొరకు కట్టిన పేటలో కాలు మోపుటకు చోటు లేకపోయెను. దానిని సరిచేయుటకు 2019లో పాండీబజారున కాలిబాటలను వెడల్పుచేసి, వాహనముల చోటును తగ్గించి, నడచువారికి ప్రాధాన్యమిచ్చిరి. 2023 మే నెలలో స్టేషనుకును బస్సుల నిలయమునకును నడుమ 570 మీటర్ల ఆకాశవంతెనను తెరచిరి. నూరేండ్ల కిందటి ఆలోచనకే మరల వచ్చిరన్నమాట.

కాలినడక చిక్కును ఈ విధముగా కొంత తీర్చవచ్చును. నీటి చిక్కు అంత తేలికగా తీరునది కాదు. 2015 డిసెంబరు మొదటి దినములలో కుంభవృష్టి కురిసి, అడయారునది పొంగినప్పుడు సైదాపేట, పడమటి మాంబళము, త్యాగరాయనగరము మున్నగు ప్రాంతములలో ఇండ్లలోనికి నీరు వచ్చెను. 2021 నవంబరు వానలకు త్యాగరాయనగరపు వీధులలో దినముల తరబడి నీరు నిలిచెను. పొడవు చెరువు పోయినను దాని వాలు పోలేదు. నుంగంబాకము వైపు నుండి దిగు వాననీటికి ఇప్పుడున్న దారి మాంబళము కాలువ ఒక్కటే. అది ఈ పేటగుండా పోయి అడయారులో కలియును. ఒకప్పుడు చెరువంత వెడల్పున నిలిచి మెల్లగా పోవలసిన నీరు, ఇరుకైన ఆ కాలువలో ఒక్కపెట్టున పోవలసివచ్చినది. కాలువ పూడినచో వీధియే చెరువు.

దీనికి మారుముఖమును చూడవలెను. పాండీబజారున కాలిబాటలు వెడల్పయిన ఆ 2019వ సంవత్సరము జూను నెలలోనే చెన్నపట్టణమునకు మంచినీరిచ్చు నాలుగు జలాశయములును దాదాపుగా ఎండిపోయినవి. ప్రజలు బిందెలతో లారీల కొరకు నిలువవలసివచ్చెను. వానకాలమున నీరు ఎక్కువై, వేసవిలో నీరు లేక ఒకే పట్టణము రెండు విధముల బాధపడినది. వానను పట్టి వేసవికి దాచునదే కదా చెరువు! అట్టి చెరువులు నిండ్ల కింద అణగిపోయిన ఊరికి ఈ రెండు కష్టములును తప్పవు.

ఆనాటి పెద్దలు తెలియక చేసిరందమా? పూర్తిగా అట్లనలేము. చెరువులను పూడ్చుట గెడ్డీసుకు సమ్మతము కాదు. ఊరిలోని చెరువు గాలిని చల్లబరచుననియు, దోమల బెడదకు చేపలను పెంచుట వంటి ఉపాయములు కలవనియు ఆతడు మన దేశపు పట్టణములను గూర్చిన నివేదికలలో వాదించెను. ఆతని ప్రదర్శనమును చూచిన పట్టణము బాటలను, పార్కును గ్రహించినది. చెరువు మాటను విడిచినది. హోవర్డు చెప్పిన వేయి ఎకరముల ఊరును తీసికొని, అయిదువేల ఎకరముల పొలమును విడిచినట్లే ఇదియును. అయినను వారిని నిందించి ఊరకుండుట న్యాయము కాదు. ఆ పేట లేనిచో వేలకొలది సామాన్య కుటుంబములకు గాలి వెలుతురులుగల ఇల్లు, నడకదూరములో బడి దొరకెడివి కావు. వారిలో మా పెత్తండ్రిగారు ఒకరు. ఇచ్చిన మేలును, తీసికొన్న వెలను రెండింటిని ఎంచి చూచుటయే చరిత్ర చదువుటలోని ప్రయోజనము.

ఈ కథ చెన్నపట్టణముతో ముగియలేదు. 2020 అక్టోబరులో హైదరాబాదున ఒక్క రాత్రి వానకు చెరువుల దిగువను, చెరువుల శిఖములోను వెలసిన కాలనీలు మునిగినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని పేటలను దినముల తరబడి ముంచినది. ఆ ఇండ్లు కొన్నవారందరును స్టేషనును, బడిని, బజారును అడిగియే కొని యుందురు. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని సామెత. జీవితకాలపు సంపాదనను ఒక్క స్థలముపై పెట్టువానికి అంతకు ముందు రెండు మూడు పనులు చేయుట కష్టము కాదు.

బయానా ఇచ్చుటకు ముందు ఆ వీధిలో ఒకసారి వాన వెలిసిన మరునాడు నడువవలెను. గోడలపై పాత నీటిచారలున్నవేమో చూడవలెను. గ్రామపటమున ఆ సర్వే నంబరు చెరువు శిఖమో, వాగు పోరంబోకో విచారింపవలెను. వీధుల పేర్లను చెవియొగ్గి వినవలెను. పడమటి మాంబళమున నేటికిని లేక్‌వ్యూ రోడ్డు ఉన్నది, అచ్చటినుండి చూచుటకు చెరువు మాత్రము లేదు. అన్నిటికంటె ముఖ్యముగా ఆ చోట పుట్టి పెరిగిన వృద్ధుని ఒకనిని పలుకరించి, మీ చిన్నతనమున ఇచ్చట ఏముండెడిదని అడుగవలెను.

శతకకారుడు అడిగిన నాలుగింటిలో మూడింటిని మనము మరువలేదు. బ్యాంకు, వైద్యుడు, పురోహితుడు నేటి పేటలన్నిటిలోను దొరకుదురు. వాగు సంగతియే మరచితిమి. మా పెత్తండ్రిగారు ఇల్లు చూచిన ఆ సాయంకాలము, పెరటి బావి వద్ద నిలిచి ఆ ప్రశ్నను ఎవరైన అడిగియుండిన బాగుండెడిదని మాకు ఇప్పటికిని తోచుచుండును.